రాత్రి పాళీలో మెలకువ కోసం మాత్ర వేసుకోవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 29 సంవత్సరాలు. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మూడేళ్లుగా రాత్రి పాళీలో పనిచేస్తున్నాను. ఉదయం ఆరింటికి స్కూటీ మీద బయలుదేరి ఇంటికి వచ్చి, బాబును బడికి పంపి, తొమ్మిదింటికి పడుకుంటే మధ్యాహ్నం ఒంటిగంటకే మెలకువ వచ్చేస్తోంది. తోటి ఉద్యోగిని చెప్పిన మీదట ఏడాదిన్నరగా మోడాఫినిల్ 200 మిల్లీగ్రాముల మాత్ర రాత్రి ఎనిమిదింటికి ఒకటి, తెల్లవారుజామున మూడింటికి ఇంకొకటి వేసుకుంటున్నాను. మందుల షాపులో చీటీ అడగడం లేదు. పని బాగానే సాగుతోంది కాని, తరచూ తలనొప్పి వస్తోంది, ఆకలి తగ్గింది. గర్భం రాకుండా మాత్రలు కూడా వాడుతున్నాను. ఇలాగే కొనసాగించవచ్చా? పీజీ ప్రవేశ పరీక్షకు చదువుతున్న మా తమ్ముడు తనకూ ఈ మాత్రలు కావాలంటున్నాడు. ఇవ్వవచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీరు అడగని విషయం ఒకటి ముందుగా చెప్పాలి, ఎందుకంటే అది ఈ రోజే తెలియవలసినది. మోడాఫినిల్ కాలేయంలోని కొన్ని ఎంజైములను చురుకు చేసి, గర్భనిరోధక మాత్రల్లోని హార్మోన్లు త్వరగా విరిగిపోయేలా చేస్తుంది. అందువల్ల మీరు రోజూ మాత్ర వేసుకుంటున్నా గర్భం వచ్చే అవకాశం ఉంది. ఈ మందు వాడినంత కాలమే కాదు, మానేసిన తరువాత కూడా ఒకటి రెండు నెలల పాటు కండోమ్ వంటి వేరే పద్ధతి తప్పనిసరి. గర్భిణులు ఈ మందు వాడితే శిశువుకు పుట్టుకతో లోపాలు రావచ్చని 2019లో ఐరోపా, కెనడా దేశాల వైద్యులకు హెచ్చరికలు వెళ్లాయి. నెలసరి ఏ మాత్రం తప్పినా వెంటనే పరీక్ష చేయించుకోండి.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. మోడాఫినిల్ ఫ్రాన్స్‌లో పుట్టిన మందు. పట్టపగలు ఉన్నట్టుండి నిద్ర ముంచుకొచ్చే నార్కోలెప్సీ అనే జబ్బుకు దీన్ని వాడతారు. రాత్రి పాళీల వల్ల కలిగే తీవ్రమైన నిద్రమత్తుకు కూడా అమెరికా వంటి దేశాల్లో అనుమతి ఉంది. అయితే అక్కడ చెప్పే పద్ధతి పాళీ మొదలవడానికి సుమారు గంట ముందు ఒకే ఒక్క మాత్ర. మీరు మూడింటికి వేసుకుంటున్న రెండో మాత్రే మీ కష్టానికి మూలమని నా అభిప్రాయం. ఈ మందు రక్తంలో సగానికి తగ్గడానికి 12 నుంచి 15 గంటలు పడుతుంది. అంటే మీరు తొమ్మిదింటికి కళ్లు మూసుకునే వేళకు మొదటి మాత్రలో సగం, రెండో మాత్రలో చాలా భాగం ఇంకా పనిచేస్తూనే ఉంటాయి. పగటి వెలుగూ ఇంటి సందడీ కూడా కారణాలే కాని, నాలుగు గంటలకే మీ నిద్ర తెగిపోవడంలో ఆ మాత్రల పాలు తప్పకుండా ఉంటుంది. నిద్ర చాలక మాత్ర వేసుకుంటున్నారు, ఆ మాత్ర వల్ల మరునాటి నిద్ర కూడా చాలడం లేదు.

ఈ మందు మెలకువ ఎంత ఇస్తుందో కూడా తెలుసుకోవాలి. రాత్రి పాళీల్లో పనిచేసే 209 మందిపై మూడు నెలలు జరిగి, 2005లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనంలో, రాత్రివేళ పడుకోబెడితే సగటున రెండు నిమిషాలకు నిద్రపోయేవారు ఈ మందుతో నాలుగు నిమిషాలకు చేరువయ్యారు. చాలినంత నిద్రపోయిన మనిషికి అది సాధారణంగా పది నిమిషాలు దాటుతుంది. మందు తీసుకున్నవారిలో కూడా 29 శాతం మంది ఇంటిదారిలో ప్రమాదానికి గురవడమో, త్రుటిలో తప్పించుకోవడమో జరిగింది. మందు లేని ఉత్తి మాత్ర తీసుకున్నవారిలో అది 54 శాతం. మేలు ఉందనడంలో సందేహం లేదు, కాని అది మనిషిని మామూలు స్థితికి తెచ్చే మేలు కాదు. అంతకన్నా నన్ను కలవరపెట్టేది మరొకటి. నిద్ర లేకుండా ఉంచి ఈ మందు ఇచ్చినప్పుడు మనుషులు తమ పనితీరును ఉన్నదానికన్నా ఎక్కువగా అంచనా వేసుకుంటారని 1997లో కెనడా పరిశోధకులు గమనించారు. పని బాగానే సాగుతోందని మీరు రాసిన మాటను నేను పూర్తిగా నమ్మలేకపోవడానికి కారణం అదే.

మధ్యాహ్నం ఒంటిగంటకు లేచిన మీరు మరునాడు ఉదయం ఆరింటికి బండి ఎక్కేసరికి సరిగ్గా 17 గంటలు మెలకువగా ఉన్నట్టు. అన్ని గంటల మెలకువ తరువాత చేతికీ కంటికీ పొందిక ఎంత తగ్గుతుందో ఆస్ట్రేలియాలో కొలిచి చూస్తే, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్నవారితో సమానంగా తేలింది. మన చట్టం వాహనం నడిపేవారికి అనుమతించే హద్దు 30 మిల్లీగ్రాములు. దయచేసి రేపటి నుంచే స్కూటీ మానేయండి. మహిళలను రాత్రి పాళీకి పిలిచే కంపెనీలకు ప్రభుత్వం పెట్టే షరతుల్లో రవాణా సదుపాయం ఒకటి, కనుక కంపెనీ వాహనం అడగడానికి మొహమాటపడనక్కర లేదు.

రెండో మాత్రను వెంటనే ఆపండి. మొదటిదాన్ని కొనసాగించాలా వద్దా అనేది ఒక ఫిజీషియన్ మీ రక్తపోటు, గుండె చూసిన తరువాత నిర్ణయించాలి. ఆపిన మొదటి రోజుల్లో అణచిపెట్టిన నిద్రమత్తు బయటపడుతుంది కనుక, వీలైతే రెండు మూడు రోజులు సెలవు పెట్టండి. రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించుకోండి. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు, ఆ నీరసాన్ని మాత్రతో కప్పిపుచ్చుకుంటున్నవారిని చాలామందిని చూశాను. ఒంటిపై దద్దుర్లు, నోట్లో పుండ్లు కనిపిస్తే మందు ఆపేసి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. పాళీకి వెళ్లే ముందు గంటన్నర పడుకోవడం, మధ్య విరామంలో ఇరవై నిమిషాల కునుకు, కాఫీ అర్ధరాత్రి దాటక ముందే ముగించడం, పడుకునే గదికి ముదురు రంగు తెరలు వేయడం మీకు మాత్రకన్నా ఎక్కువ అక్కరకు వస్తాయి. బాబును బడికి పంపే పని ఇంట్లో మరొకరు అందుకుంటే మీరు ఏడున్నరకే పడుకోవచ్చు. ఈ మాట మీ వారికి కూడా చదివి వినిపించండి.

మీ తమ్ముడికి ఇవ్వకండి. పగలు చదివినది మెదడులో కుదురుకునేది రాత్రి నిద్రలోనే కనుక, నిద్ర మాని చదివిన గంటలు పరీక్ష హాలులో అతనికి ఉపయోగపడవు. పైగా అతని గుండె, రక్తపోటు ఎలా ఉన్నాయో ఎవరూ చూడలేదు. మీ దగ్గర మిగిలిన మాత్రలను అతని చేతికి అందకుండా ఉంచండి.