పీహెచ్‌డీకి అప్లై చేసే ముందు ఆధారాలు ఎక్కడున్నాయో చూసి రండి

మీరు ఎం.ఏ. చరిత్ర 61 శాతంతో పాసయ్యానని, వయసు 28 అని, ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతున్నానని రాశారు. నిజాం కాలంలో తెలంగాణ పల్లెల్లో చదువు మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది, ముందు గైడ్‌ను వెతుక్కోవాలా, నెట్ (లెక్చరర్ అర్హతకు, పీహెచ్‌డీ అడ్మిషన్‌కు పనికొచ్చే జాతీయ పరీక్ష) రాయాలా, ఉద్యోగం మానేయాలా అని అడిగారు.

నాదీ చరిత్రే. హైదరాబాద్ సంస్థానంలో తెలుగు గ్రంథాలయాల మీద పరిశోధన చేసి డాక్టరేట్ తీసుకున్నాను. మీరు అడిగిన మూడింటికంటే ముందు చేయాల్సిన పని ఇంకొకటుంది. మీ అంశానికి ఆధారాలు ఎక్కడున్నాయి, ఏ భాషలో ఉన్నాయి, మిమ్మల్ని చూడనిస్తారా, ఇవి స్వయంగా వెళ్లి తెలుసుకోవడం. అడ్మిషన్ వచ్చాక చూసుకోవచ్చులే అని చాలామంది దీన్ని వాయిదా వేస్తారు. దాంతో 'నిజాం రాష్ట్రంలో విద్యాభివృద్ధి: ఒక పరిశీలన' లాంటి టైటిల్‌తో సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) రాసేసి, రెండేళ్ల తర్వాత దాన్ని ఎటూ నడపలేక ఆగిపోతారు.

నా సంగతి చెబుతాను. సుల్తాన్ బజార్‌లో 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, హనుమకొండలో 1904లో వచ్చిన రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం, 1926లో మొదలైన గోలకొండ పత్రిక, ఇంకా ఆ కాలపు మనుషులు రాసుకున్న జ్ఞాపకాలు. తెలుగులో ఇంత దొరుకుతోంది కదా, ఇక కొదవేముంది అనిపిస్తుంది. కానీ ఇవన్నీ గ్రంథాలయం పెట్టినవాళ్ల వైపు మాటలు. సభ పెట్టుకోవడానికైనా ముందస్తు అనుమతి కావాలని గస్తీ నిషాన్ 53 అనే సర్కారు ఉత్తర్వు నడిచిన రాజ్యంలో, ఆ అనుమతి ఇవ్వాల్సినవాడు ఏమనుకున్నాడో తెలియాలంటే సర్కారు ఫైలు చూడాలి. ఆ ఫైళ్లు తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో ఉంటాయి. 1880ల మధ్యలో పాలనా భాషగా పారసీ పోయి ఉర్దూ వచ్చింది కాబట్టి నా కాలానికి ఎక్కువగా ఉర్దూ కావాల్సి వచ్చింది. సాయంత్రాలు ఒక ఉర్దూ మాస్టారి దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. అచ్చు చదవడం త్వరగానే పట్టుబడింది. చేతిరాత, అందులోనూ శికస్తా అనే గొలుసుకట్టు రాత, అంత తేలిగ్గా లొంగదు. ఒక్క కాగితానికి ఒక పూట పట్టిన రోజులున్నాయి. అయినా ఆ ఫైళ్లను, జ్ఞాపకాలను పక్కపక్కన పెట్టి చదివాకే నా థీసిస్ నిలబడింది.

మీ అంశానికి ఈ భాష సంగతి ఇంకా ముఖ్యం, ఎందుకంటే చదువు మీద సర్కారు రాసుకున్నదంతా సర్కారు భాషలోనే ఉంటుంది. ఉర్దూ రాకపోతే భయపడి మానుకోకండి. ఇంగ్లిష్‌లో అచ్చయిన వార్షిక పాలనా నివేదికలు, పదేళ్లకోసారి వచ్చిన సెన్సస్ రిపోర్టులు ఉన్నాయి. వాటితో మొదలుపెట్టి, భాష నేర్చుకుంటూ ఫైళ్లలోకి వెళ్లొచ్చు. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో పాత పత్రికలు చూడండి. కోస్తాతో పోల్చాలనుకుంటే వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం తప్పనిసరి. ఎక్కడికైనా ముందు ఫోన్ చేసి, గుర్తింపు కార్డు, మీరు చదివిన డిపార్ట్‌మెంట్ నుంచి ఒక పరిచయ లేఖ పట్టుకుని వెళ్తే పని సులువవుతుంది. ఇంట్లో కూర్చుని చేయగలిగింది శోధ్‌గంగలో, అంటే భారతీయ యూనివర్సిటీల థీసిస్‌లు ఉంచే వెబ్‌సైట్‌లో, వెతకడం. మీ అంశం మీద ఇప్పటికే ఎవరెవరు ఏం రాశారో అక్కడ చాలావరకు తెలుస్తుంది. వాళ్లు చూడని ఆధారం మీకు ఒక్కటి దొరికినా, ఇంటర్వ్యూలో మీ మాటకు బరువుంటుంది. 'సోర్సులేంటి?' అన్న ప్రశ్న చరిత్రలో ఎలాగూ వస్తుంది. ఫలానా విభాగంలో ఫలానా ఫైళ్లు చూశాను అని చెప్పే అభ్యర్థిని ప్యానెల్ వేరుగా చూస్తుంది.

ఇక నెట్. దీన్ని మాత్రం వాయిదా వేయకండి. నెట్‌లో ముందున్నవాళ్లకు ఇచ్చే పరిశోధన ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్‌కు వయోపరిమితి 30. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ (నాన్‌క్రీమీలేయర్), దివ్యాంగులకు ఐదేళ్ల సడలింపు ఉంది. ఆ సడలింపు మీకు వర్తించకపోతే మీ చేతిలో ఎక్కువ అవకాశాలు లేవు. 2024 నుంచి పద్ధతి మారింది: జేఆర్‌ఎఫ్ వస్తే అడ్మిషన్‌కు ఇంటర్వ్యూ చాలు. జేఆర్‌ఎఫ్ రాకుండా అసిస్టెంట్ ప్రొఫెసర్‌కో, కేవలం పీహెచ్‌డీకో అర్హత వస్తే నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ ఇస్తారు. అప్పుడు ఆ స్కోరు పీహెచ్‌డీ అడ్మిషన్‌కు ఒక్క ఏడాదే పనికొస్తుంది. కొన్ని యూనివర్సిటీలు సొంత ప్రవేశపరీక్ష కూడా పెడతాయి, నోటిఫికేషన్లు చూస్తూ ఉండండి. మీకు 61 శాతం ఉంది కాబట్టి పీజీలో కనీసం 55 శాతం ఉండాలన్న నిబంధనతో ఇబ్బంది లేదు.

జేఆర్‌ఎఫ్ అంటే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్)గా 42,000, పైన ఇంటి అద్దె భత్యం. 2023 జనవరి నుంచి ఇవే రేట్లు. ప్రతి నెలా యూనివర్సిటీ నుంచి కన్ఫర్మేషన్ వెళ్తేనే డబ్బు పడుతుంది, అందులో ఆలస్యాలు మామూలే. నాకూ నెలల తరబడి రాని కాలం ఉంది. కొంత పొదుపు చేతిలో ఉంచుకునే చేరండి. జేఆర్‌ఎఫ్ రాకపోతే, రిజిస్టరయ్యాక ఐసీహెచ్‌ఆర్ (భారత చారిత్రక పరిశోధన మండలి) ఫెలోషిప్‌కు ప్రయత్నించవచ్చు. అది చరిత్రవాళ్ల కోసం ఉన్నదే.

గైడ్ విషయంలో పెద్ద పేరు చూసి వెళ్లకండి. ముందు ఆయన దగ్గర ఖాళీ ఉందో లేదో కనుక్కోండి. 2022 యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురికి మించి స్కాలర్లు ఉండకూడదు. రిటైర్‌మెంట్‌కు మూడేళ్లకంటే తక్కువ ఉన్నవాళ్లు కొత్తవాళ్లను తీసుకోకూడదు. ఆ తర్వాత ఆయన దగ్గర ఇప్పుడు చేస్తున్న స్కాలర్‌ను ఒకరిని క్యాంటీన్‌లో కలిసి ఒక్క ప్రశ్న అడగండి: చాప్టర్ రాసిస్తే ఎన్నాళ్లకు తిరిగి వస్తుంది? నాతో చదివిన ఒకావిడ చాప్టర్ ఏడాదికి పైగా గైడ్ టేబుల్ మీదే ఉండిపోయింది. ఆమె ఎంత తెలివైనదో నాకు తెలుసు కనుక ఇప్పటికీ బాధేస్తుంది. ఎర్రసిరాతో నిండిపోయినా సరే, మూడు వారాల్లో తిరిగిచ్చే గైడ్ దొరికితే అది మీ అదృష్టం.

చేరాక కోర్స్‌వర్క్ కనీసం 12 క్రెడిట్లు, అందులో 55 శాతం రావాలి. ప్రతి సెమిస్టర్ అడ్వైజరీ కమిటీ ముందు ప్రోగ్రెస్ చెప్పాలి. దాన్ని తంతుగా చూడకండి. నా కాలపరిధిని కుదించుకొమ్మని చెప్పింది ఆ కమిటీలోని ఒక మేడమే, ఆ ఒక్క మాటతో పని సగం తేలికైంది. పీహెచ్‌డీకి గడువు కనిష్ఠం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. రీరిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్లు దొరుకుతాయి. మహిళలకు, 40 శాతానికి పైగా వైకల్యం ఉన్నవాళ్లకు ఇంకో రెండేళ్లు. ఆర్కైవ్స్ మీద ఆధారపడే అంశాన్ని మూడేళ్లలో ముగించడం కష్టం, ఐదు అనుకుని ఇంట్లో చెప్పండి.

ఉద్యోగం సంగతి. జేఆర్‌ఎఫ్ వస్తే మానేసి ఫుల్‌టైమ్‌లో చేరండి, రెండో ఆలోచన వద్దు. రాకపోతే ఇప్పుడే మానకండి. పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి నిబంధనల్లో వీలుంది, మీ మేనేజ్‌మెంట్ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఇవ్వాలి. అయితే ఆర్కైవ్స్ పగలే, పనిదినాల్లోనే తెరిచి ఉంటాయి. కాబట్టి ఎన్‌ఓసీ అడిగేటప్పుడే వారంలో కనీసం ఒక పనిదినం ఖాళీగా ఉండేలా టైమ్‌టేబుల్ మాట్లాడుకోండి. అది కుదరదంటే, హైదరాబాద్‌లోనే క్లాసులు తక్కువుండే మరో కాలేజీ చూసుకోవడం మేలు.