చలిలో మట్టి ఆటలు ఆడితే పిల్లలకు జలుబు చేస్తుందా?

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. పాపకు 5 ఏళ్లు, బాబుకు 3 ఏళ్లు. పొద్దున లేస్తూనే పెరట్లోకి పోయి మట్టిలో నీళ్లు పోసుకుని ఆడతారు. డిసెంబరు వచ్చినప్పటి నుంచి ఇద్దరికీ ముక్కు కారుతోంది. బురదలో ఆడబట్టే ఇలా అవుతోందని మా అత్తమ్మ అంటున్నారు. చలి తగ్గేదాకా బయటికి పంపకూడదా? ఆడి వచ్చిన ప్రతిసారీ తలకు పోయాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: పంపండమ్మా, కాకపోతే వేళ మార్చండి. జలుబు వైరస్‌తో వచ్చేది, మట్టితో కాదు. ఈ వయసు పిల్లలకు ఏడాదికి 6 నుంచి 8 సార్లు జలుబు చేయడం మామూలే. చలికి తలుపులు, కిటికీలు బిగించి అందరూ ఒకే గదిలో పడుకుంటే ఒకరిది ఇంకొకరికి తేలిగ్గా అంటుతుంది. చల్లగాలి తగిలినంతసేపు ముక్కులో నీరు కారి, ఇంట్లోకి వచ్చిన కాసేపటికి ఆగిపోతే దాన్ని జలుబుగా లెక్కపెట్టక్కర్లేదు.

మీ అత్తమ్మగారి భయాన్ని మాత్రం కొట్టిపారేయలేం. ఒంటి బరువుతో పోలిస్తే పసిపిల్లలకు చర్మం విస్తీర్ణం ఎక్కువ. తడి బట్ట గాలికి ఆరుతూ ఒంట్లో వేడిని లాగేస్తుంది. అందుకే జాగ్రత్తంతా తడి దగ్గర పడాలి.

తిరుపతి కంటే పలమనేరు, కుప్పం వైపు ఎత్తు ఎక్కువ, చలీ ఎక్కువే. పొద్దున గడ్డి మీద మంచు ఆరదు. ఎండ బాగా వచ్చాక, 9 తర్వాత వదలండి. సాయంత్రమైతే నాలుగున్నరకల్లా లోపలికి పిలవండి. నీళ్లతో ఆడేటప్పుడు ఒక దఫాకు అరగంట, మహా అయితే 40 నిమిషాలు చాలు. వణుకు మొదలైనా, పెదవులు పాలిపోయినా, చురుగ్గా ఆడుతున్న బిడ్డ ఉన్నట్టుండి డీలా పడినా గడియారం చూడకుండా లోపలికి తీసుకురండి.

బట్టల విషయంలో చాలామంది చేసే పొరపాటు తక్కువ వేయడం కాదు, ఎక్కువ వేయడం. రెండు స్వెట్టర్లు, మంకీ క్యాపు వేసి పరుగెత్తనిస్తే లోపల బనీను చెమటకు తడిసిపోతుంది. ఆట ఆగాక ఆ చెమటే చల్లబడుతుంది. లోపల పలుచని నూలు చొక్కా, పైన ఒక స్వెట్టరు, కాళ్లకు పాత రెయిన్‌కోటు ప్యాంటు సరిపోతాయి. పది నిమిషాలకోసారి మెడ వెనక వేలు పెట్టి చూడండి. చెమట తగిలితే స్వెట్టరు తీసేయండి, చల్లగా ఉంటే ఇంకొకటి వేయండి. అరిచేతులు చూసి నిర్ణయించవద్దు, అవి ఎలాగూ చల్లగానే ఉంటాయి.

పిల్లలు బయటికి పోకముందే పెరటి తలుపు దగ్గర పొడి తువ్వాలు, పొడి బట్టలు, సాక్సులు పెట్టుకోండి. రాగానే గుమ్మంలోనే తడి బట్టలు విప్పి, ముందు తుడవాలి. ఆ తర్వాతే గోరువెచ్చని నీళ్లతో మోచేతుల దాకా, మోకాళ్ల దాకా సబ్బుతో కడగాలి. గోళ్ల సందుల్లో మట్టి ఉండిపోతుంది కాబట్టి వారానికోసారి గోళ్లు కత్తిరించండి. బకెట్లో చన్నీళ్లు ముందు పోసి, వేడినీళ్లు తర్వాత కలపండి. వేడినీళ్లు ముందు పోసి చన్నీళ్ల కోసం అటు తిరిగిన క్షణంలోనే చాలా కాలిన గాయాలు అవుతాయి. హీటరు రాడ్డు పెట్టిన బకెట్ ఉన్నచోటికి పిల్లల్ని రానివ్వకూడదు.

ప్రతిసారీ తలకు పోయక్కర్లేదు. రోజుకు ఒక్క స్నానం, అదీ 5 నుంచి 10 నిమిషాల్లో ముగించాలి. నీళ్లలో డెట్టాల్ లాంటివి కలిపితే చర్మం ఇంకా పగులుతుంది. ఒళ్లు అద్ది, కొంచెం తడి ఉండగానే కొబ్బరినూనె రాయండి. అందులో కర్పూరం కలపొద్దు. పిల్లలు పొరపాటున మింగితే కర్పూరం ఫిట్స్ తెప్పిస్తుంది. ముక్కులో నూనె చుక్కలు వేస్తే ఊపిరితిత్తుల్లోకి దిగే ప్రమాదం ఉంది. సాంబ్రాణి పొగ పిల్లికూతలు వచ్చే పిల్లలకు పడదు. మూసిన గదిలో కుంపటి అసలు పెట్టకూడదు, దాన్నుంచి వచ్చే విషవాయువు వాసన కూడా తెలియదు.

ఇక మట్టి. పెరట్లో ఎండ పడే ఓ మూల నాలుగడుగుల చోటు చాలు. పశువుల కొట్టం పక్కన, మురుగుకాలువ గట్టున, పిల్లులు, కుక్కలు మలం వేసే చోట వద్దు. ఇల్లు కట్టడానికి పోసిన ఇసుక కుప్ప పిల్లులకు ఇష్టం, రాత్రి పట్టా కప్పండి. సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది, దాని జోలికి పోనివ్వకండి. టబ్బులో నీళ్లు రెండు అంగుళాలకు మించకూడదు, ఆడినంతసేపూ పెద్దవాళ్లు పక్కనే ఉండాలి, అయిపోగానే పారబోయాలి. కాళ్లకు చెప్పులు తప్పనిసరి, కొంకిపురుగులు పాదాల గుండానే ఒంట్లోకి వెళ్తాయి. నులిపురుగుల మాత్ర, అంటే ఆల్బెండజోల్, రెండేళ్లు దాటినవారికి 400 మి.గ్రా. అంగన్వాడీల్లో, బడుల్లో ఫిబ్రవరి, ఆగస్టుల్లో ఇస్తారు, వదలకండి. బాబుకు నలిపి ఇవ్వండి. పాపకు 5–6 ఏళ్ల మధ్య వేసే డీపీటీ బూస్టర్ టీకా పడిందో లేదో కార్డులో చూడండి. ఆడుతూ నోట్లోకి కాస్త మట్టి పోతే కంగారు వద్దు. రోజూ వెతుక్కుని తింటుంటే మాత్రం హిమోగ్లోబిన్ చూపించండి, ఐదేళ్ల లోపు బాబుకు 11 గ్రాముల కంటే, ఐదేళ్లు నిండిన పాపకు 11.5 గ్రాముల కంటే తక్కువైతే రక్తహీనతే.

మన జిల్లాల్లో వానల తర్వాత, చలి నెలల్లో స్క్రబ్ టైఫస్ అనే జ్వరం కనిపిస్తుంది. పొదల్లో, ఎత్తుగా పెరిగిన గడ్డిలో ఉండే చిన్న పురుగు కాటుతో వస్తుంది. పెరట్లో గడ్డి కోయించండి. స్నానం చేయించేటప్పుడు చంకలు, గజ్జలు, చెవుల వెనక చూడండి. సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పక్కు కనిపించి, జ్వరం కూడా ఉంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్లి ఆ మచ్చ చూపించండి. ముందే గుర్తిస్తే మామూలు మందులతోనే తగ్గుతుంది.

ప్రస్తుతం కారుతున్న ముక్కుకు సెలైన్ (ఉప్పునీటి) చుక్కలు, గోరువెచ్చని రాగి జావ చాలు. షాపులో అడిగి యాంటీబయాటిక్ కొనకండి, నాలుగేళ్ల లోపు బాబుకు జలుబు సిరప్ పోయకండి. జ్వరం మూడు రోజులు దాటినా, నీళ్లు తాగలేకపోయినా, ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకల కింద గుంట పడుతున్నా చూపించాలి. బిడ్డ నిద్రలో ఉండగా నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. మీ బాబు వయసులో 40 లేదా అంతకు మించితే తెల్లారేదాకా ఆగకుండా బయల్దేరండి.