ఏ లెక్క వదలాలో తెలిస్తే ప్రిలిమ్స్ దాటొచ్చు

తమ్ముడూ, బీకాం అయింది, క్లర్క్ పరీక్ష రాయాలి, లెక్కల్లో వీక్, అప్పు చేసైనా నంద్యాల వెళ్లి కోచింగ్ తీసుకోవాలా, టెక్కలిలోనే ఉండి చదువుకోవచ్చా అని అడిగావు. మాది పలాస. బ్యాంకు ఉద్యోగాలకి పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ వాళ్ల క్లర్క్ ప్రిలిమ్స్, అంటే మొదటి దశ పరీక్ష, రెండుసార్లు పోయి, మూడోసారి దాటి, రెండో దశ మెయిన్స్ కూడా గట్టెక్కి ఇప్పుడు బ్యాంకు కౌంటర్లో కూర్చుంటున్నాను. అప్పు మాత్రం ఇప్పుడే చేయకు.

ప్రిలిమ్స్‌లో 100 ప్రశ్నలు, 60 నిమిషాలు. ఇంగ్లీష్ 30, న్యూమరికల్ అంటే లెక్కలు 35, రీజనింగ్ 35. ఒక్కోదానికి 20 నిమిషాలే, ఒకదాంట్లో మిగిలిన టైమ్ ఇంకోదానికి వాడుకోవడం కుదరదు. తప్పు జవాబుకి పావు మార్కు కోత, పైగా మూడింటిలోనూ విడివిడిగా కటాఫ్, అంటే కనీస మార్కులు, దాటాలి.

మొదటిసారి తెల్లవారుజామున ట్రైనెక్కి ఆమదాలవలసలో దిగి, ఆటోలో సెంటర్‌కి వెళ్లాను. న్యూమరికల్‌లో 28 ప్రశ్నలకి జవాబులు పెట్టేసి చాలా బాగా రాశాననుకుని ఇంటికొచ్చాను. తర్వాత స్కోరు చూస్తే 11.75. అంటే 15 కరెక్టు, 13 తప్పు, ఆ తప్పులకి 3.25 పోయింది. అందులో సగం గుడ్డిగా పెట్టినవే, ఖాళీగా వదిలేస్తే ఏదో తప్పు చేసినట్టు అనిపించేది. రెండోసారి రీజనింగ్‌లో ఎనిమిది మంది గుండ్రంగా కూర్చునే పజిల్ పట్టుకున్నాను, ఒక మనిషి దగ్గర లెక్క తేడా వచ్చి, కొట్టేసి మళ్లీ మొదటి నుంచి వేసి, తల ఎత్తి చూసేసరికి తొమ్మిది నిమిషాలు అయిపోయాయి. ఆ పజిల్ విలువ అయిదు మార్కులు. దాని వెనక సులువైన కోడింగ్ ప్రశ్నలు, అసమానతల ప్రశ్నలు చూడకుండానే మిగిలిపోయాయి, ఇంటికి వెళ్లే దారంతా ఏడుస్తూనే ఉన్నాను.

మా అమ్మ జీడి ఫ్యాక్టరీలో పప్పు ఏరే పని చేసేది. ఒకరోజు క్యారేజీ ఇవ్వడానికి వెళ్లి పక్కన కూర్చుని నేనూ ఏరుతున్నాను, విరిగిన ముక్క ఒకటి పట్టుకుని ఇది బద్దలో వేయాలా ముక్కల్లో వేయాలా అని చూస్తుంటే, అమ్మ చెయ్యి ఆపకుండానే "ముందు గుండ్లు ఏరెయ్ పాపా, ముక్కల సంగతి తరవాత సూద్దుం" అంది. గుండ్లంటే విరగని పప్పులు. ఆ రాత్రి ప్రాక్టీసు కోసం రాసే మాక్ టెస్ట్ అలాగే రాశాను. చూడగానే దారి తెలిసినవి ముందు, రెండు మూడు లైన్లలో తేలేవి తర్వాత, పెద్ద పజిళ్లు టైమ్ మిగిలితేనే. ఒక ప్రశ్న మీద నిమిషం దాటితే, ఎంత దగ్గరికి వచ్చాననిపించినా వదిలేశాను. మార్కులు ఒక్కసారిగా పెరగలేదు కానీ తప్పులు సగానికి పడిపోయాయి.

లెక్కల భయం గురించి కూడా చెప్తాను. సింప్లిఫికేషన్ ప్రశ్నలకి పెద్ద లెక్కలు రావక్కర్లేదు, శాతాలు భిన్నాలుగా కనబడితే చాలు. 648లో 12.5 శాతం అంటే గుణకారం మొదలుపెట్టకు, ఎనిమిదో వంతు, 81. 432లో 16.66 శాతం అంటే ఆరో వంతు, అంటే 72 దగ్గర. నేను ఇలాంటివన్నీ ఒక అట్ట మీద రాసి వంటింట్లో గోడకి అతికించాను. 25 దాకా ఎక్కాలు, 30 దాకా వర్గాలు నోటికి రావాలి, ఇది చిన్నపిల్లల పనిలా ఉందని వదిలేయకు, ఆ 20 నిమిషాల్లో నిన్ను కాపాడేది ఇదే.

క్లర్క్ పరీక్ష తెలుగులో కూడా రాయొచ్చు, ఇంగ్లీష్ సెక్షన్ తప్ప. పీఓ, అంటే ప్రొబేషనరీ ఆఫీసర్ పరీక్షకి ఆ వీలు లేదు. ఇంగ్లీష్ అంటేనే టెన్షన్ అయితే గ్రామీణ బ్యాంకుల ఆఫీస్ అసిస్టెంట్ పోస్టుకీ అప్లై చేయి, దాని ప్రిలిమ్స్‌లో ఇంగ్లీష్ ఉండదు, రీజనింగ్ 40, న్యూమరికల్ 40 అంతే. మెయిన్స్‌లో మాత్రం భాషా పేపర్ ఉంటుంది, ఇంగ్లీష్ గానీ హిందీ గానీ ఎంచుకోవచ్చు.

నంద్యాలని తక్కువ చేయను, మా బ్యాచ్‌లో అక్కడికెళ్లి ఉద్యోగం తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు, నలుగురితో కలిసి చదవడం కొందరికి నిజంగా కలిసొస్తుంది. కానీ ముందు రెండు నెలలు ఇంట్లోనే ఉండి వారానికి మూడు మాక్‌లు రాయి. ప్రతి మాక్ అయ్యాక తప్పుపోయినవి మాత్రమే కాదు, వదిలేయాల్సింది వదలకుండా కూర్చున్నవి కూడా నోట్‌బుక్‌లో రాసుకో. అప్పటికీ కదలకపోతే కోచింగ్ ఆలోచిద్దాం. మొదటి మాక్ రాశాక ఏ సెక్షన్‌లో ఎన్ని పెట్టావో, ఎన్ని తప్పో ఇక్కడే చెప్పు, చూస్తాను.