క్రూజ్‌లో లాబ్‌స్టర్ తినాలా, ఒడ్డున దిగి తినాలా?

ఓడ టికెట్‌లోనే లాబ్‌స్టర్ (గట్టి పెంకున్న పెద్ద సముద్రపు రొయ్య లాంటిది) వస్తున్నప్పుడు రేవులో దిగి మళ్లీ డబ్బు పెట్టి తినడం దండగ కాదా అని అడిగారు. నన్నడిగితే ఓడలో ఊరికే పెట్టింది తినండి, అదనంగా డబ్బు కట్టాల్సి వస్తే మాత్రం ఆ డబ్బేదో ఒడ్డునే ఖర్చు పెట్టండి.

మాది కోనసీమ. మా అమ్మాయి వాళ్లు ఫ్లోరిడాలో ఉంటారు, వాళ్లతో కలిసి మయామీ నుంచి బహామాస్ వెళ్లే ఓడ ఎక్కాం. అందరూ కాస్త మంచి బట్టలు వేసుకుని భోజనానికి వచ్చే రాత్రి ఒకటి ఉంటుంది, ఫార్మల్ నైట్ అంటారు, లాబ్‌స్టర్ ఎక్కువగా ఆ రోజే పెడతారు. వచ్చేది తోక ఒక్కటే, పెంకు చీల్చి వెన్న రాసి కాల్చింది. రెండోది కొన్ని ఓడల్లో ఊరికే ఇస్తారు, కొన్నింటిలో డబ్బు తీసుకుంటారు, ముందే అడగండి. మా ఆవిడ ఒక ముక్క తిని నిమ్మకాయ పిండుకుంది, ఇంకో ముక్కకి మిరియాల పొడి అడిగింది, చివరికి మొత్తం నా ప్లేట్లోకి తోసేసింది.

చాలామంది ఓడలోది గడ్డకట్టించిన సరుకు కాబట్టి రుచి లేదంటారు, నేను ఒప్పుకోను. లాబ్‌స్టర్ చచ్చాక తలలోని జీర్ణరసాలు తోక కండని మెత్తబరిచేస్తాయి, అందుకే పట్టిన వెంటనే తోక విడదీసి గడ్డకట్టిస్తే, నాలుగు గంటలు ఎండలో పడున్న 'తాజా' సరుకు కంటే అదే నయం. అసలు చిక్కు వంటగదిలో ఉంది. వేలమందికి ఒకే పూట వడ్డించాలంటే ముందే కాల్చి వేడి పెట్టెల్లో ఉంచక తప్పదు, ఆ వేడికి లోపల ఇంకా ఉడికి కండ రబ్బరులా సాగుతుంది. ఒడ్డున మన కళ్ల ముందు కాల్చి ఇస్తే ఆ గొడవ ఉండదు.

బహామాస్ రాజధాని నసావులో దిగితే పారడైజ్ ఐలాండ్ వంతెన కింద పాటర్స్ కే అని చేపల కొట్లు ఉంటాయి, అక్కడ చూడండి. కానీ వెళ్లే నెల చూసుకోండి, బహామాస్‌లో లాబ్‌స్టర్ పట్టే కాలం ఆగస్టు 1 నుంచి మార్చి 31 వరకే. మిగతా నెలల్లో తాజాది అని చెబితే నవ్వి వచ్చేయండి. మొత్తం లాబ్‌స్టర్ వడ్డిస్తే తోక లోపలికి ముడుచుకుని ఉందా లేదా చూడండి, బతికున్నదాన్ని వండితే గట్టిగా ముడుచుకుంటుంది. చాచుకుని ఉండి కండ పిండిపిండిగా రాలితే తినకండి.

మన తీరం సంగతి కూడా అడిగారు కాబట్టి చెబుతున్నా, లాబ్‌స్టర్ కోసమే గోదావరి జిల్లాలకు రావద్దు. అంతర్వేది నుంచి భైరవపాలెం దాకా నది తెచ్చిన ఒండ్రే, లాబ్‌స్టర్‌కి నచ్చేవి రాతి సందులు, అవి విశాఖ వైపు ఉన్నాయి. ఇక్కడ వలలో అడపాదడపా పడినా హోటళ్లకో ఎగుమతికో పోతుంది. పైగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, మర పడవలు సముద్రంలోకి వెళ్లవు.

మన దగ్గర దానికి దీటైనది నీలకంఠ రొయ్య. పెద్ద మగ రొయ్యలకి నీలం రంగు పొడుగాటి కాళ్లు ఉంటాయి. మంచినీళ్లలో పెరిగి గుడ్లు పొదగడానికి ఉప్పునీటి వైపు దిగుతుంది, అందుకే యానాం చుట్టుపక్కల పాయల్లో దొరుకుతుంది. చెరువులో పెంచినది కూడా అమ్ముతారు, ఏటిదా చెరువుదా అని అడిగి కొనండి. వండేవాళ్లకి తల తీసేయొద్దని ముందే చెప్పండి, ఇగురుకి రుచంతా తలలోని కొవ్వుదే.