ఆర్‌సీ మీద నీ పేరు పడేదాకా

అమ్మలూ,

నువ్వు ఎవరో వాడిన పాత కారు కొంటున్నావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పెందుర్తి నుంచి రుషికొండకి రోజూ బస్సులు మారి వెళ్లే పిల్ల సొంత సంపాదనతో కారు కొనుక్కుంటోందంటే నాకెంత సంతోషమో. మీ పిన్నికి చెబుతుంటే గొంతు పట్టేసింది. అంతలోనే మీ అమ్మ ఇంకో మాట అంది: "అమ్మేవాళ్లు ఫారాల మీద సంతకాలు పెట్టి ఇచ్చేస్తారట, పేరు మార్పు నెమ్మదిగా చేసుకోవచ్చట." అప్పట్నుంచి నాకు నిద్ర లేదు.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి ఇన్సూరెన్సు, చలాన్లు చూడు. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఆర్‌సీతో నువ్వే సరిచూసుకో. లోన్ తీరిపోయిందంటే నోటిమాట నమ్మకు, బ్యాంకు ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఆర్‌సీలో లోన్ కొట్టేయించడానికి ఫారం 35 చేతికొచ్చాకే డబ్బు ఇవ్వు, అదీ బ్యాంకు ద్వారానే. మన ఊరి ఉప్పుగాలికి బండి కింద తుప్పు పడుతుంది, మెకానిక్‌తో పైకెత్తించి చూపించు. సీటు బెల్టు చివరిదాకా లాగు. బురద మరక కనిపిస్తే నీళ్లలో మునిగిన బండేమో అడుగు. 2024 సెప్టెంబరులో బెజవాడలో బుడమేరు ఎన్ని కార్లను ముంచిందో చూశాం కదా.

ఇక నా సంగతి. 2003లో ఒక రిటైరైన మాస్టారి దగ్గర పాత మారుతి 800 కొన్నాను. ఆయన పేరు మార్పు కాగితాలు, ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి ఇచ్చారు. "వచ్చే వారం మార్పించేస్తాను మాస్టారూ" అన్నాను. ఆ వారం షిఫ్టులు, పై వారం పెళ్లి. ఆ కాగితాలు బీరువాలో మీ పిన్ని చీరల కింద పదకొండు నెలలు ఉండిపోయాయి. ఇన్సూరెన్సు రెన్యువల్ నోటీసు ఆయన పాత ఇంటికి వెళ్లింది. అప్పటికే ఆయన కూతురి దగ్గరికి మారిపోయారు. నేను తేదీ చూసుకోలేదు. పాలసీ అయిపోయిన తొమ్మిదో రోజు, గోపాలపట్నం దగ్గర వానలో, సైకిలు మీద ఇంటికి పోతున్న ఒక కూలీని గుద్దేశాను. కాలు విరిగింది. ప్రాణం దక్కింది, అదొక్కటే.

బండి ఎవరి పేరు మీద రిజిస్టరై ఉంటే వాళ్లే యజమాని అంటుంది చట్టం. ఎన్ని చేతులు మారినా అంతేనని 2018లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అందుకే యాక్సిడెంట్ పరిహారం తేల్చే ట్రిబ్యునల్ నోటీసు నాతోపాటు మాస్టారికీ వెళ్లింది. మీ పిన్ని గాజులు తాకట్టు పెట్టి పరిహారమంతా నేనే కట్టాను. కానీ ఆయన కూతురి చెయ్యి పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ కోర్టులోకి ఎక్కి రావడం ఇప్పటికీ కళ్లముందే ఉంది. "ఆ కారు నీకిచ్చేశాను కదా బాబూ" అన్నారు. కోపంగా కాదు, అర్థంకాక అడిగారు. నా నోట మాట రాలేదు.

అందుకే నీమీద కోప్పడుతున్నాను తల్లీ, చిన్నబుచ్చుకోకు. మన రాష్ట్రం బండయితే పేరు మార్పు సంగతి ఆర్టీవోకి చెప్పడానికి కొన్నవాళ్లకి 30 రోజులు, అమ్మినవాళ్లకి 14 రోజులు గడువు. నువ్వు మొదటి వారంలోనే దరఖాస్తు పెట్టు. ఇన్సూరెన్సు మార్పుకీ 14 రోజులే. థర్డ్ పార్టీ కవర్, అంటే అవతలివాళ్లకి జరిగే నష్టానికి ఇచ్చేది, బండితోపాటే వస్తుంది గానీ, నీ కారుకి దెబ్బ తగిలితే పాలసీ నీ పేరున లేకుండా క్లెయిమ్ కష్టం. నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు కూడా అమ్మినవాళ్లదే, నీకు రాదు. బండి ఇచ్చిన తేదీ, టైము రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. ఒడిశా నంబరయితే అక్కడి ఎన్‌వోసీ కావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ చవకలో మిగిలేది తక్కువ. డీలర్ దగ్గరయితే రవాణా శాఖ అనుమతి పత్రం అడుగు, 2023 ఏప్రిల్ నుంచి అది తప్పనిసరి. డీలర్ మోసం చేస్తే వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. మామూలు మనిషి దగ్గర కొంటే ఆ దారి ఉండదు, కాబట్టి యాక్సిడెంట్ కాలేదనీ మీటరు ముట్టుకోలేదనీ రాయించుకో.

ఆదివారం పొద్దున్నే టార్చిలైటు తీసుకుని వస్తాను, బండి చూద్దాం. దరఖాస్తు కూడా ఇద్దరం కూర్చుని పెడదాం. కొత్త ఆర్‌సీ వచ్చిన రోజు ఫొటో తీసి ముందు అమ్మినవాళ్లకి పంపించు. తర్వాత నాకు.

మీ బాబాయి