‘కప్ ఆఫ్ టీ’ వద్దు, ‘కప్పు టీ’ చాలు

ప్రశ్న: పెళ్లయ్యాక నెదర్లాండ్స్‌లోని ఐండోవెన్ వెళ్లాలి. మూడు నెలలుగా ఇంట్లోనే డచ్ నేర్చుకుంటున్నాను. తిండి గురించి చిన్న వాక్యం చెప్పాలన్నా టెన్షనే. ఆకలిగా ఉందని ‘ఇక్ బెన్ హొంగర్’ అంటే తప్పన్నారు, కప్పు టీ కోసం ‘అన్ కొప్య వన్ తే’ అంటే అదీ తప్పేనట. ఎందుకు?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: మీరు ముందు ఇంగ్లీషులో అనుకుని దాన్ని డచ్‌లోకి మారుస్తున్నారు, చిక్కంతా అక్కడే. ఒకసారి తెలుగులో అనుకుని చూడండి. మనకు ఇల్లు ఉంటుంది, పని ఉంటుంది, ఆకలీ ఉంటుంది కదా, డచ్ వాళ్లకూ అంతే, ‘ఇక్ హెప్ హొంగర్’, అంటే నాకు ఆకలి ఉంది. దాహమైతే ‘ఇక్ హెప్ దొర్స్త్’. ఇక టీ సంగతి. ఇరానీ హోటల్లో ‘కప్పు చాయ్’ అంటామే తప్ప కప్పుకీ చాయ్‌కీ మధ్య ఏమీ పెట్టం. డచ్‌లోనూ ‘అన్ కొప్య తే’, అంతే. ఇంగ్లీషు ‘ఆఫ్’కి బదులు పెట్టిన ‘వన్’ తీసేయండి.

ఇష్టం చెప్పడం ఇంకా తేలిక. ‘అన్నం ఇష్టంగా తింటాను’ అంటాం చూడండి, ఆ ‘ఇష్టంగా’కి వాళ్ల మాట ‘ఖ్రాఖ్’. కాకపోతే క్రియ తర్వాత వస్తుంది: ‘ఇక్ ఏత్ ఖ్రాఖ్ రైస్త్’.

మాంసం తినరా? అయితే ఇంగ్లీషు ‘నాట్’ లాంటి ‘నీత్’ వాడకండి, ‘నో’ లాంటి ‘ఖేన్’ వాడాలి: ‘ఇక్ ఏత్ ఖేన్ వ్లేస్’. చేపలు కూడా తినకపోతే ‘ఖేన్ విస్’ అని విడిగా చెప్పండి.

ఇంగ్లీషు ‘ది’లా నామవాచకం ముందు వచ్చే ‘దె’, ‘హెత్’ల దగ్గర మాత్రం తెలుగు సాయపడదు, మనకు అలాంటివి లేవు. కాఫీకీ టీకీ ‘దె’, నీళ్లకు ‘హెత్’, ఇలా మాటతో పాటే బట్టీ పట్టాలి. ఒక్క ఊరట ఏమిటంటే, ‘కొప్య’లాగా చివర ‘య’ తగిలించి చిన్నదిగా చేసిన మాట ఏదైనా, ఏకవచనంలో ‘హెత్’తోనే వస్తుంది.

మరొకటి నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. మనం ‘సహించదు’ అనేది వేరు, ‘పడదు’ అనేది వేరు. చేపలు సహించకపోతే ‘ఇక్ లుస్త్ ఖేన్ విస్’. పల్లీలు ఒంటికి పడకపోతే ఆ మాట సరిపోదు, ‘ఇక్ బెన్ అలేర్ఖిస్ వోర్ పిందాస్’ అనాలి. మీకు పల్లీలు పడకపోతే విమానం ఎక్కేలోపే ఇది నోటికి రావాలి, ఎందుకంటే అక్కడ బంగాళాదుంప వేపుడు మీద పల్లీల సాస్ పోసివ్వడం మామూలే.