సబ్‌డొమైన్ పెట్టినా పోర్ట్ నంబర్ ఎందుకు కొట్టాల్సి వస్తోంది?

గేమ్ సర్వర్లను నడిపే టెరోడాక్టిల్ ప్యానెల్‌లో సబ్‌డొమైన్ యాడ్ఆన్ వేశారు, సర్వర్‌కు పేరూ పెట్టారు. అయినా చివర 25570 అని కొట్టందే మైన్‌క్రాఫ్ట్ కనెక్ట్ అవడం లేదు, అంతే కదా?

డొమైన్ పేరును ఐపీ చిరునామాకు కలిపే ‘ఏ’ రికార్డ్‌కు ఐపీ మాత్రమే తెలుసు, పోర్ట్ సంగతి తెలియదు. పోర్ట్ చెప్పకపోతే కంప్యూటర్‌లో ఆడే మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ నేరుగా 25565 తలుపే తడుతుంది. ఒకే ఐపీ మీద నాలుగు సర్వర్లు నడుస్తుంటే ఆ నంబర్ ఒక్కదానికే దక్కుతుంది. పోర్ట్ కొట్టకుండా చేరాలంటే మిగతా మూడింటికీ పోర్ట్ కూడా చెప్పే ఎస్‌ఆర్‌వీ రికార్డ్ ఉండాల్సిందే.

మీ డొమైన్ క్లౌడ్‌ఫ్లేర్‌లో ఉంటే ఈ రికార్డులు ఉండే డీఎన్‌ఎస్ పేజీ తెరిచి చూడండి. ఎస్‌ఆర్‌వీ రికార్డ్‌లో పేరు ముందు ‘అండర్‌స్కోర్ మైన్‌క్రాఫ్ట్ డాట్ అండర్‌స్కోర్ టీసీపీ’ ఉండాలి, పోర్ట్ గడిలో 25570 ఉండాలి. టార్గెట్‌లో ఐపీ పెడితే కుదరదు, ఆ ఐపీకి కట్టిన హోస్ట్ పేరే ఇవ్వాలి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఆ హోస్ట్ పేరు పక్కన మేఘం గుర్తు నారింజ రంగులో ఉంటే నొక్కి బూడిద రంగుకు మార్చండి. నారింజ అంటే ట్రాఫిక్ క్లౌడ్‌ఫ్లేర్ ప్రాక్సీ మీదుగా వెళ్తోందని, ఆ ప్రాక్సీ మామూలుగా వెబ్‌సైట్ల కోసం, గేమ్ ట్రాఫిక్‌ను దాటనివ్వదు.

యాడ్ఆన్‌కు మీ క్లౌడ్‌ఫ్లేర్ ఖాతా మొత్తాన్ని తెరిచే గ్లోబల్ కీ మాత్రం ఇవ్వకండి. ఆ ఒక్క డొమైన్ డీఎన్‌ఎస్ మార్చే టోకెన్ చాలు.

ఇక ఫోన్‌లో మైన్‌క్రాఫ్ట్ బెడ్‌రాక్ ఎడిషన్ ఆడేవాళ్లకు ఎస్‌ఆర్‌వీ పనిచేయదు. సర్వర్ బెడ్‌రాక్ మామూలు పోర్ట్ 19132 మీద లేకపోతే వాళ్లు పోర్ట్ కొట్టుకోక తప్పదు.